డగ్లస్ ఫర్ చెట్టు మొదలు దగ్గర మఖమల్ లాంటి పుట్టగొడుగు, ఇది ఏమిటి?

ప్రశ్న:
సియాటిల్ దగ్గర మా పెరట్లో పెద్ద డగ్లస్ ఫర్ ఉందండీ, ఇంటికి ఇరవై అడుగులు కూడా ఉండదు. వానలు మొదలయ్యాక చెట్టుకి మూరెడు దూరంలో, నేలలోంచే, పళ్ళెమంత పుట్టగొడుగు లేచింది. మధ్యలో ముదురు గోధుమరంగు, అంచు పసుపు, పైన నూగు. నిరుడు అక్కడే నల్లగా ఎండిపోయింది ఒకటి ఉంటే చెక్కముక్క అనుకుని తీసి పారేశాను. అమలాపురంలో మా నాన్నగారు ఫోటో చూసి, కొబ్బరి మొదలు కుళ్ళబెట్టే గానోడెర్మా బూజు లాంటిదే, వేరుకి మందు ఎక్కించు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
అడుగుభాగం ఏ రంగో చెప్పండి, వేలితో నొక్కి చూడండి. కాండం మీద గట్టిగా చెక్కలా, ఎర్రటి పట్టీతో ఉంటే ఫోమిటాప్సిస్ అనే పుట్టగొడుగని చెప్పేదాన్ని, అది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. మీది మెత్తగా ఉన్నట్టుంది కదా.

ప్రశ్న అడిగినవారు:
మెత్తగానే ఉంది. అడుగున సన్నటి రంధ్రాలు, ఆకుపచ్చ కలిసిన పసుపు. నొక్కినచోట గోధుమరంగు అయిపోయింది.

జవాబు 2:
అయితే దాదాపు ఖాయంగా ఫియోలస్ అనే పుట్టగొడుగు. పుస్తకాల్లో ఫియోలస్ ష్వైనిట్జియై అని ఉంటుంది, ఉన్నికి రంగు వెయ్యడానికి కూడా వాడతారు. ఎండితే అచ్చం పేడకడిలా అవుతుంది, నిరుడు మీరు తీసేసింది అదే అయ్యుంటుంది. నేలలోంచి వచ్చినట్టు కనిపించినా అది పుట్టేది వేరులోంచి. లోపల చెక్కలో నారలాంటి సెల్యులోజ్‌ని తినేసి, దాన్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ని వదిలేస్తుంది, అందుకే చెక్క గోధుమరంగు ఘనాలుగా పగిలి పొడి అయిపోతుంది. కుళ్ళు ఎక్కువగా వేళ్ళలో, చెట్టు మొదలులోనే ఉంటుంది కాబట్టి పైన చెట్టు పచ్చగా ఏ లోటూ లేనట్టే కనిపిస్తుంది, గాలివానకి మాత్రం మొదలు దగ్గర విరుగుతుంది. పుట్టగొడుగు పీకితే కాయ కోసినట్టే, లోపలి బూజు ఎక్కడికీ పోదు. నాన్నగారు చెప్పింది కొబ్బరికి చేసే వైద్యం, దీనికి మందు లేదండీ.

జవాబు 3:
అలాగని రేపే నరికించకండి, ఇది వచ్చాక కూడా ఏళ్ళపాటు నిలబడే చెట్లు ఉంటాయి. సన్నటి సూదిలాంటి డ్రిల్‌తో లోపల గట్టి చెక్క ఎంత మిగిలిందో కొలిచే ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్ల నిపుణుణ్ణి, పిలవండి. నరికే పని కూడా తనే చేసేవాణ్ణి మాత్రం సలహా అడగొద్దు. నవంబర్ గాలుల లోపే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఆ చెట్టు కొమ్మకే పిల్లల ఊయల కట్టాను, ఇప్పుడే వెళ్ళి విప్పేస్తాను.