కాలనీ హాల్లో నెలకో సినిమా: ఏవి వేయాలి, కొత్తవాటిలో మాటలు ఎందుకు వినపడటం లేదు?

రెండో_ఆట

కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంటు. కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం సినిమా వేద్దామని కమిటీ అనుకుంది. ఒక నెల పాతది, ఒక నెల కొత్తది, మొత్తం ఆరు. హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, సీలింగ్ 10 అడుగులు. కింద టైల్స్, ఒక పక్కంతా అద్దాల కిటికీలు. 3,200 ల్యూమెన్ల ప్రొజెక్టరు ఒకటి, వినాయక చవితికి వాడే రెండు స్పీకర్లు, ఆంప్లిఫయరు ఉన్నాయి.

ట్రయల్‌కి ఒక కొత్త సినిమా పెట్టి చూశాం. పాటలు, ఫైట్లు చెవులు చిల్లులు పడేలా వచ్చాయి. మాటలు మూడో వరసకే అందలేదు. ఇప్పటి సినిమాల్లో గోల తప్ప మాట లేదని పెద్దవాళ్ళు తేల్చేశారు. పాతవి సాగుతాయని కుర్రాళ్ళు. ఇందులో సినిమా తప్పెంత, మా హాలు తప్పెంత? మీకు నచ్చినవి చెప్పండి, కానీ ఎందుకు నచ్చాయో కూడా చెప్పండి. ఉత్త పేర్లు చాలానే దొరుకుతున్నాయి.

మిక్సింగ్_బల్ల

రెండో ఆట గారూ, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ముప్పాతిక తప్పు కనెక్షన్‌దే. ఇప్పటి సినిమాను 5.1లోనో (ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకరు) అంతకన్నా ఎక్కువ ఛానెళ్ళలోనో మిక్స్ చేస్తారు. మాట దాదాపు మొత్తం మధ్య ఛానెల్‌లో ఉంటుంది. బీజీఎం, పాట ఎడమ కుడి స్పీకర్లలో, పక్కవాటిలో పరుచుకుంటాయి. మీ దగ్గర మధ్య స్పీకరే లేదు. ప్లేయరు 5.1ను రెండు ఛానెళ్ళలోకి సరిగ్గా కలపకుండా ఎడమ కుడి మాత్రమే పంపితే, మాట ఎక్కడో పక్క గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పాట నిండుగా ఉండి మాట మాత్రమే పల్చబడితే రోగం ఇదేనని అనుకోవచ్చు.

ముందు ప్లేయరు లేదా స్టిక్ ఆడియో సెట్టింగ్‌లోకి వెళ్ళి అవుట్‌పుట్‌ను "స్టీరియో" లేదా "పీసీఎం" చేయండి. "ఆటో"లో వదలొద్దు. ఓటీటీలో ఒకే సినిమాకు స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అది ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ వాడితే ఆడియో ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ ఉంటుంది. థ్రెషోల్డ్ మైనస్ 20 డీబీ, రేషియో 4, మేకప్ గెయిన్ 6 డీబీ దగ్గర మొదలుపెట్టండి. ఫైటు కిందికి దిగుతుంది, గుసగుస పైకి లేస్తుంది. అంతకు మించి నొక్కితే మౌనం ఉన్న చోటల్లా బుస్సుమనే శబ్దం తేలుతుంది, అది ఇంకా చిరాకు.

ఆంప్లిఫయరులో బాస్ తగ్గించండి. మీ పండగ స్పీకర్లు డప్పు కోసం సర్దినవి, 100 హెర్ట్జ్ కింద ఉబ్బి ఉంటాయి. మాట స్పష్టత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంది. త, ద, క, స తేడా తెలిసేది అక్కడే. ఆ శ్రేణిని ఒక 3 డీబీ పెంచితే చాలు.

తర్వాత హాలు. మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం ఆగిపోయాక కూడా తోక వినిపిస్తే, ఆ తోకే మాటను మింగేస్తోంది. ఖాళీ హాల్లో ట్రయల్ వేస్తే ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, ఎందుకంటే జనం కూడా శబ్దాన్ని పీలుస్తారు. అద్దాలకు మందపాటి తెరలు, కింద జంపఖానాలు వేయండి. వెనక గోడకు పాత బొంతలు వేలాడదీసినా పనే. స్పీకర్లను గోడల పక్క కాకుండా తెరకు రెండు వైపులా, 5–6 అడుగుల ఎత్తున, ముఖం చివరి వరసకు తిప్పి పెట్టండి. బ్లూటూత్ మాత్రం వద్దు. శబ్దం ఆలస్యంగా వచ్చి పెదవులు ఒకటి చెబితే చెవికి ఇంకోటి వినిపిస్తుంది. వైరే వేయండి. అప్పటికీ తేడా ఉంటే వీఎల్‌సీలో జె, కె మీటలతో 50 మిల్లీసెకన్ల చొప్పున జరుపుకోవచ్చు.

వాల్యూమ్ పెట్టాల్సింది మాటను బట్టే. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే సీను వేసి, చివరి వరసలో కూర్చుని సరిచేసి, ఇక ముట్టుకోవద్దు. పాటకు సరిపెడితే మాట పోతుంది.

ఇదంతా చేశాక కూడా పెద్దవాళ్ళ మాటలో నిజం మిగులుతుంది. పాత సినిమాలో మాట, పాట, నేపథ్య సంగీతం అన్నీ ఫిల్మ్ అంచున ఒకే మోనో ట్రాకులో ఇరుక్కోవాలి. మాట వచ్చినప్పుడు సంగీతం తప్పుకోక తప్పదు. ఇప్పుడు చోటు ఎంతైనా ఉంది కాబట్టి ఎవరూ తప్పుకోవడం లేదు. పైగా మన సినిమాల్లో ఎక్కువ భాగం డబ్బింగ్ గదిలో, మైకుకు జానెడు దూరంలో చెప్పిన మాటలు. ఆ గొంతుకు సీనులో గది గాలి అంటుకోదు. తేడా చెవికి తెలియాలంటే సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాట రికార్డు చేసి తీసిన పెళ్ళి చూపులు (2016) వేయండి. మన హైదరాబాద్ ఇళ్ళలో మాట ఎలా మోగుతుందో అలాగే ఉంటుంది. నా ఓటు దానికే.

ఫ్రేము_మూల

సౌండు సంగతి పైన బాగా చెప్పారు. బొమ్మ దగ్గర జరిగే తప్పు ఇంకోటుంది, దానివల్లే పాత సినిమాలు అన్యాయమైపోతున్నాయి.

1950ల తెలుగు సినిమా ఫ్రేము 1.37:1, అంటే దాదాపు చదరం. ఇప్పుడు నెట్‌లో తిరిగే చాలా కాపీలను ఇప్పటి టీవీ ఆకారం 16:9 నింపడానికి పైనా కిందా కోసేస్తారు. లెక్క వేస్తే ఎత్తులో 23 శాతం పోతుంది. నిలబడ్డ మనిషికి కిరీటం ఉండదు, లేకపోతే కాళ్ళు ఉండవు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ మాయాబజార్ (1957) కోసం పెట్టిన ఫ్రేముల్లో నెత్తి మీద ఖాళీ కూడా కొలిచి పెట్టిందే. కోత పడిన కాపీ చూసి "ఇరుగ్గా ఉంది, సాగుతోంది" అంటే ఆ తప్పు ఆయనది కాదు. కాపీ దించుకునే ముందు టైటిల్ కార్డు చూడండి. అక్షరాలు అంచుకు తగులుతున్నా, తెగినా అది కోసిన కాపీయే. ఎడమ కుడి నల్ల పట్టీలు ఉంటే సంతోషించండి. ప్రొజెక్టరులో "జూమ్", "స్ట్రెచ్" జోలికి పోవద్దు, మనుషులు లావైపోతారు.

తెర 10 అడుగుల వెడల్పు పెట్టుకుంటే ఎత్తు 5.6 అడుగులు. అందులో మాయాబజార్ 7.7 అడుగుల వెడల్పున వస్తుంది. స్కోప్ సినిమా (బాగా వెడల్పు ఫ్రేముది) పూర్తి వెడల్పు తీసుకుని 4.2 అడుగుల ఎత్తే ఉంటుంది. చదును నేల కాబట్టి తెర కింది అంచు నేలకు 4 అడుగుల పైన ఉండాలి, లేకపోతే ముందువాళ్ళ తలలు. మీ సీలింగ్ 10 అడుగులంటే సరిగ్గా పడుతుంది, అంతకన్నా పెద్ద తెరకు ఆశపడొద్దు. మామూలు ప్రొజెక్టరుకు తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్లు, అంటే 15 అడుగుల దూరం కావాలి. కీస్టోన్‌తో బొమ్మను లాగి సరిచేయకండి, ప్రొజెక్టరునే తెర మధ్యకు తిన్నగా జరపండి. కీస్టోన్ వాడిన కొద్దీ అక్షరాల అంచులు మసకబారతాయి.

వెలుతురు మీకు చాలు. 3,200 ల్యూమెన్లు "సినిమా" మోడ్‌లో సగానికి పడిపోయినా 56 చదరపు అడుగుల తెర మీద థియేటరు ప్రమాణానికి రెట్టింపు ఉంటుంది. హాలు చీకటిగా ఉంటేనే సుమా. కిటికీల ఎండలో ఏ ప్రొజెక్టరూ నిలవదు, చీకటి పడ్డాకే మొదలుపెట్టండి. "డైనమిక్", "వివిడ్" మోడ్‌లు ఆపేయండి. నలుపు తెలుపు సినిమాలో అందమంతా మధ్యలో ఉన్న బూడిద రంగుల్లో ఉంది. మాయాబజార్ వెన్నెల పడవ పాటలో నీళ్ళ మీది మెరుపు, ఆకాశం, మొహాల మీది వెలుగు, మూడూ మూడు బూడిదలు. వివిడ్‌లో పెడితే నీళ్ళు సున్నంలా, ఆకాశం తారులా అయిపోతాయి. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఉంటే అదీ ఆపండి, సినిమా కాస్తా సీరియల్‌లా తయారవుతుంది.

ఇంకో మాట. 2010లో వచ్చిన రంగుల మాయాబజార్ వద్దు. దాన్ని వెడల్పు తెరకు మార్చారు, అది బార్ట్‌లీ కూర్చిన ఫ్రేము కాదు.

చిక్కడపల్లి_బాల్కనీ

అన్నా, మెషిన్ల సంగతి ఆళ్ళిద్దరు చెప్పిండ్రు, నేను సినిమాల సంగతి చెప్త.

పెద్దమనుషులకు కొత్త సినిమా మీద నమ్మకం రావాల్నంటె ముందుగాల బలగం (2023) ఎయ్యున్రి. ఊర్లల్ల తెరలు కట్టుకొని వందలమంది ఒక్కకాడ కూసొని చూసిన సినిమా అది, మీ హాలుకు మస్తు కుదురుతది. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవుడు అన్న ఒక్క సంగతి మీద కథంత నిలవెట్టిండు డైరెక్టరు వేణు. మూడొద్దుల నాడు ముట్టదు, ఐదొద్దుల నాడు ముట్టదు, ఇంట్ల ఒక్కొక్కరి మొకం ఎట్ల మారుతదో కెమెరా కదలకుంట చూస్తది. ఆఖరికి మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటె ఆ గొంతుల ముంగట ఇంకేం నిలవదు. ఆ పాటకు వాల్యూమ్ పెంచకున్రి, బతిమిలాడుత. కొత్త సినిమాకు ఓపిక లేదనేటోళ్ళకు ఇదే జవాబు.

నాకు కోపం ఎక్కడంటె, హీరో తలుపు తీసినా, మెట్లు దిగినా, గ్లాసు పట్టుకున్నా బీజీఎం మోగుడే. అన్నిటికి ఎలివేషన్ ఇస్తె అసలు ఎలివేషన్ కాడ ఏం మిగులుతది? శివ (1989) చూడున్రి. గోపాల్ రెడ్డి కెమెరా, స్టెడీక్యామ్ (మోసుకొని ఉరికినా బొమ్మ అదరకుంట పట్టేది) మీద తీసిన ఉరుకుడు సీన్లు. కాలేజీల సైకిల్ చైను తెంపే ముంగట ఎంతసేపు ఆగిండో గమనించున్రి. ఆ ఆగుడే దెబ్బకు బలం. 2025ల 4కె చేసి అట్మాస్ (చుట్టూ వినిపించే) సౌండుతోని మల్ల రిలీజ్ చేసిండ్రు. పోరలు పాతవి సాగుతయంటె గిది పెట్టున్రి, మాట్లాడరు.

పాతదాంట్ల మిస్సమ్మ (1955) మొదలు పెట్టుకోవాలె. నవ్వు వస్తది, పోరలు కూసుంటరు. మాయాబజార్ 184 నిమిషాలు, అది అలవాటు పడ్డంక.

రెండో_ఆట

అందరికీ ధన్యవాదాలు. ఆడియో స్టీరియోకి మార్చగానే మాట ముందుకొచ్చింది, ఆ తేడా అక్కడికక్కడే తెలిసింది. రంగుల మాయాబజార్ పిల్లల కోసమైనా వేయమని కొందరు పట్టుబడుతున్నారు. ఇంకోటి, అనుమతుల సంగతేమిటి? టికెట్ ఏమీ లేదు.

పాత_రీలు

టికెట్ లేకపోయినా హక్కు హక్కే. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది, హాల్లో వేయడానికి కాదు. కొత్తవాటికి నిర్మాణ సంస్థకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తేదీ, చోటు, ఎంతమంది వస్తారు, టికెట్ లేదు అన్న నాలుగు ముక్కలు అందులో ఉండాలి. నెల ముందే రాయండి. మన చట్టంలో సినిమాకు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు. ఆ లెక్కన మిస్సమ్మకు 2015తో, మాయాబజార్‌కు 2017తో తీరింది. అయితే మాటలకు, పాటలకు, సంగీతానికి లెక్క వేరు, రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు. ఈ సినిమాలకు మాటలు, పాటలు రాసిన పింగళి 1971లో, మాయాబజార్ సంగీతం ఘంటసాల 1974లో పోయారు. అందుకని పాతవే కదా అని ధీమాగా ఉండకుండా, వాటికీ అడిగి పెట్టుకోవడం మేలు. శంకరాభరణం (1980) సంగతి సరేసరి, అడగాల్సిందే.

శంకరాభరణం మాత్రం ఆరింటిలో తప్పక ఉండాలి. కెమెరామన్ బాలు మహేంద్ర ఆ ఇంట్లోకి, గుడిలోకి వచ్చే వెలుతురును ఎలా వాడుకున్నారో పెద్ద తెర మీదే తెలుస్తుంది. మోనో సినిమా కాబట్టి పైన చెప్పిన కంప్రెసర్ దీనికి తీసేయండి, పాటల్లోని సంగతులు నలిగిపోతాయి.

పిల్లలకు రంగుల మాయాబజార్ గురించి ఫ్రేము మూల గారితో నాకు పూర్తి ఏకీభావం లేదు. ఏడేళ్ళ పిల్లవాడు రంగు చూసి కూర్చుంటే కూర్చోనివ్వండి. కానీ అది వేరే రోజు, పగలు టీవీలో. హాల్లో వేసేది అసలుదే.

కరెంటు గురించి ఎవరూ అనలేదు. జనరేటరు అందుకునే లోపు ఆ కొన్ని సెకన్లకే ప్రొజెక్టరు ఆరిపోతుంది. ల్యాంపు రకమైతే ఫ్యాను ఆగి, వేడి మీద దీపం దెబ్బతింటుంది, మళ్ళీ వెలిగించడానికి చల్లారేదాకా ఆగాలి. 1 కేవీఏ యూపీఎస్ ఒకటి ప్రొజెక్టరుకు, ప్లేయరుకు పెట్టండి. ఆంప్లిఫయరును దానికి తగిలించొద్దు. రాత్రి 10 తర్వాత పక్క ఇళ్ళకు ఇబ్బంది లేకుండా స్పీకర్లు ఆపేయడం మేలు కాబట్టి మాయాబజార్ రోజు 6:30కే మొదలుపెట్టండి. పావుగంట విరామం ఇచ్చినా పదికి ముందే అయిపోతుంది.

రెండో_ఆట

చివరిగా ఒకటి. మా బ్లాకులో తెలుగు రానివాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. సబ్‌టైటిల్స్ వేస్తే బొమ్మ మీద పడి అడ్డమా?

ఫ్రేము_మూల

స్కోప్ సినిమాలకు అడ్డం లేదు, కింద నల్ల పట్టీలోకి దించేయండి. పాత చదరపు ఫ్రేముకు కింద పట్టీ ఉండదు, కాబట్టి బొమ్మ మీదే పడతాయి. రెండు వరసలకు మించకుండా, తెలుపు కాకుండా లేత బూడిద రంగులో పెట్టండి. తెల్ల అక్షరాలు చీకటి సీన్లలో కళ్ళను లాగేస్తాయి. చివరి వరసలో కూర్చుని చదివి చూశాకే సైజు ఖాయం చేయండి. మాయాబజార్‌కైతే పింగళి పుట్టించిన మాటలకు ఇంగ్లీషు దొరకదు, పక్కన తెలుగు వచ్చినవాళ్ళను ఒకరిని కూర్చోబెట్టండి.