ఇస్త్రీపెట్టె బదులు అసిటోన్ వాడితే టోనర్ గీతలు కలిసిపోతున్నాయి

పర్లాకిమిడి నుంచి:
నమస్తే. మా పొలంలో తొట్టి నిండగానే మోటారు ఆగిపోయేలా సర్క్యూట్ చేస్తున్నాను. ప్రింటులోని టోనర్ (లేజర్ ప్రింటరు నల్ల పొడి) గీతల్ని ఇస్త్రీపెట్టె వేడితో రాగి బోర్డు మీదికి దించాలి. సాయంత్రం వోల్టేజీ పడిపోయి ఇస్త్రీపెట్టె సరిగ్గా కాగదు, సగం గీతలు కాగితానికే ఉండిపోతున్నాయి. అందుకే అసిటోన్ పట్టుకున్నాను. జెరాక్స్ షాపులో లేజర్ ప్రింటు మిర్రర్ చేయించి, అంటే అద్దంలోలా తిరగేయించి, తెచ్చాను. రాగిని స్టీలు పీచుతో తోమి, దూదితో అసిటోన్ రాసి, కాగితం పెట్టి అదిమాను. తీసి చూస్తే 555 ఐసీ (టైమర్ చిప్) కాళ్ల చోట ఎనిమిది చుక్కలూ కలిసి ఒకే నల్లటి మరక. తక్కువ రాస్తే అసలు అంటడం లేదు. గోళ్లరంగు తుడిచే మందుతోనూ చూశాను, జిడ్డు తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న రోజూ రాత్రి టార్చి పట్టుకుని మోటారు ఆపడానికి వెళ్తున్నారు. ఆ గట్టు మీద పాములు తిరుగుతాయి. అదే టెన్షన్.

రాయగడ నుంచి:
తమ్ముడూ, ఒట్టి అసిటోన్ వాడకు. టోనర్ అంటే సన్నటి ప్లాస్టిక్ పొడి, అసిటోన్‌కి కరిగి పారిపోతుంది. మనకు కావలసింది అది కాస్త మెత్తబడి రాగిని పట్టుకోవడమే. ఆల్కహాల్ టోనర్‌ని కరిగించదు, అందుకే అది కలిపి అసిటోన్ జోరు తగ్గిస్తాం. ఎనిమిది పాళ్లు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), మూడు పాళ్లు అసిటోన్. నేను సిరంజితో 8 మి.లీ., 3 మి.లీ. కొలిచి గాజు సీసాలో కలుపుతాను. ఐపీఏ మొబైల్ రిపేరు వాళ్ల దగ్గర దొరుకుతుంది, 99 శాతం ఉన్నదే తీసుకో.

రాగి మీద పలచగా పోసి కాగితం ఒక్కసారే పెట్టు, పెట్టాక జరపకు. పది సెకన్లు ఆగి, మడత పెట్టిన గుడ్డతో పైనుంచి అదుము. రుద్దావంటే మళ్లీ మరకే. తడి పోయి కాగితం తెల్లబడ్డాక నీళ్లలో నానబెట్టి, వేలితో పొరలు పొరలుగా తియ్యి. పాత మరకని అసిటోన్‌తోనే తుడిచెయ్యి, బోర్డు పాడవలేదు.

గుణుపురం నుంచి:
మిర్రర్ ఎందుకు చేయించారండీ? డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కింది రాగి పొర పైనుంచి చూసినట్టే కనిపిస్తుంది. కాగితం బోర్లిస్తే అదే సరిగ్గా పడుతుంది. మిర్రర్ చేస్తే ఐసీ కాళ్లు తారుమారవుతాయి. ఇంకో మాట, అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. దేవుడి దీపం, పొయ్యి ఉన్న గదిలో సీసా మూత తియ్యొద్దు. గీతలు లేని చోట రాగిని కరిగించడానికి వాడేసిన ఫెర్రిక్ క్లోరైడ్‌లో రాగి ఉంటుంది, పొలం కాలవలో మాత్రం పొయ్యకండి.

పర్లాకిమిడి నుంచి:
అన్నా, ఎనిమిది చుక్కలూ విడివిడిగా పడ్డాయి! మిర్రర్ లేకుండా మళ్లీ ప్రింటు తీయించాను, ఐసీ పెట్టి చూస్తే కాళ్లు సరిపోయాయి. ఒక్క చోట గీత తెగితే పర్మనెంట్ మార్కర్‌తో దిద్దాను. బోర్డు ఇప్పుడు పెరట్లో ప్లాస్టిక్ డబ్బాలో, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఉంది. అంచుల దగ్గర రాగి అప్పుడే పోతోంది.