భద్రాచలం దగ్గర 53 అడుగులు అంటే మా ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా? మ్యాప్ ఎలా చేయాలి?

లంక కుర్రాడు: మాది భద్రాచలానికి దిగువన గోదారి పక్క ఊరండి. 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది అని టీవీలో చెప్తారు గానీ ఆ అంకెకి మా వీధిలో ఎంత నీళ్లొస్తాయో ఎవరూ చెప్పరు. 2022 జులైలో 71.3 వచ్చింది, ఆ భయం ఇంకా పోలేదు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా వేసి చూస్తే చింతతోపు మెరక అని చూపిస్తోంది, అది ఊళ్లో అన్నిటికంటే పల్లం. ఏం చేయాలి?

మ్యాపుల మావయ్య: తమ్ముడూ, ఆ డేటా చెట్ల మీద, ఇళ్ల మీద ఎత్తు కూడా కలుపుకుని ఇస్తుంది, పైగా 30 మీటర్లకి ఒక గడి, మీటర్లలో తేడా వస్తుంది, వీధి లెక్కకి అస్సలు నమ్మొద్దు. ఇంకోటి, భద్రాచలం గేజీలో, అంటే నది మట్టం కొలిచే స్కేలులో, 53 అంటే సముద్ర మట్టం నుంచి లెక్క కాదు, నది వాలు వల్ల కింద మీ ఊరి దగ్గర మట్టం వేరు. సెంటినెల్-1 అనే ఉపగ్రహం తీసే రాడార్ బొమ్మలు ఫ్రీగా దొరుకుతాయి, మబ్బున్నా కనిపిస్తుంది, 2022 జులైవి దించుకో. నీళ్లు నల్లగా పడతాయి. కాకపోతే చెట్ల కింద, ఇళ్ల మధ్య నీళ్లు సరిగ్గా పట్టుకోదు, వరద బాగా పెరిగిన రోజున ఉపగ్రహం మీ మీదుగా వెళ్లకపోయి కూడా ఉండొచ్చు.

సర్వే అక్క: ఇళ్ల సంగతి తర్వాత, ముందు రోడ్డు చూడండి. చాలా ఊళ్లలో ఇల్లు మునిగేలోపే దారి తెగిపోతుంది, గోదారి ఎగదన్ని వాగు వెనక్కి పొంగి చప్టా మీదకి వస్తుంది, ఆ తర్వాత ట్రాక్టర్ కూడా రాదు. అందుకే ప్రతి చప్టా, కల్వర్టు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా వివరాలు చేర్చగలిగే ఉచిత నెట్ మ్యాప్) పెట్టి ఏ మట్టానికి ఏది తెగుతుందో రాయండి. ఎలాగంటే, ఊళ్లో వాళ్ల ఫోన్లలో 2022 వరద ఫోటోలు ఉంటాయి కదా, వాటిలో టైం ఉంటుంది, ఆ గంటకి భద్రాచలంలో మట్టం ఎంతో పాత వార్తల్లో చూసి జత చేయండి, నీళ్లు మీ దాకా రావడానికి పట్టే టైం కూడా లెక్కేసుకోండి. 1986లో 75.6 చూసిన పెద్దవాళ్లుంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి, ఆ గుర్తు కొలవండి. నడవలేని ముసలివాళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లు కూడా గుర్తు పెట్టుకోండి, అది మాత్రం నెట్‌లో పెట్టకండి.

లంక కుర్రాడు: అక్కా, మా వాగు చప్టా 48కి ముందే మునుగుతుంది, అది నాకు బాగా గుర్తు. అంటే మేం మూడో హెచ్చరిక దాకా ఆగితే దారే ఉండదన్నమాట. ఈ ఆదివారం ఫోటోలు అడగడం మొదలెడతా.