నీవ్ అనే ఐరిష్ పేరును తెలుగులో ఎలా రాయాలి?

మేం డబ్లిన్‌లో ఉంటాం. పక్కింటివాళ్ళకి పాప పుట్టింది, పేరు నీవ్. కార్డు మీద ఎన్, ఐ, ఎ, ఎమ్, హెచ్ అని చూసి 'నియామ్ బాగుందా?' అని అడిగేశాను, నవ్వారు! ఐరిష్‌లో ఎమ్, హెచ్ కలిస్తే 'వ' పలుకుతుందట. అర్థం వెలుగు, కాంతి. వాళ్ళ పాతకథలో నీవ్ తెల్లగుర్రం మీద వచ్చి, ఒషీన్ అనే వీరుణ్ణి ముసలితనం లేని తీర్ నా నోగ్ అనే లోకానికి తీసుకెళ్తుంది. అక్కడ 3 ఏళ్ళే అనుకున్నవి ఇక్కడ 300 ఏళ్ళు. నాకైతే పిలిచినప్పుడల్లా 'నీవు' అన్నట్టే వినిపించి ముద్దొస్తోంది.

పాప దుప్పటి మీద పేరు తెలుగులో కుడుతున్నాను. వాళ్ళమ్మ 'నీవ్' అంటుంది, అమ్మమ్మ 'నీయవ్' అంటుంది. ఏది కుట్టమంటారు? ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త చెప్పండి. ప్రస్తుతానికి 'నీ' వరకూ కుట్టి ఆపాను.