గానన్‌డార్ఫ్ ఒక్కడేనా, మళ్లీ పుట్టినోడా?

హన్మకొండల ఉంటం. నేనూ మా తమ్ముడూ కలిసి జెల్డా వీడియో గేములు ఆడుతం. అండ్ల 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అయిపోయిన కాన్నుంచి, విలన్ గానన్‌డార్ఫ్ అన్నిట్ల ఒక్కడేనా అని ఇద్దరి మధ్య ఒకటే లొల్లి. తెలిసినోళ్లు జర చెప్పండి.

1998ల వచ్చిన 'ఒకారినా ఆఫ్ టైమ్'ల గానన్‌డార్ఫ్ గెరుడోల రాజు. ఆ తెగల వందేండ్లకు ఒక్క మగపిల్లగాడే పుడుతడు. 'విండ్ వేకర్'ల కనబడేది కూడా వాడే, అది ఖాయం. అందుల చివరికి, మా ఎడారిల గాలి చావునే మోసుకొచ్చేది, హైరూల్ రాజ్యం పచ్చని మైదానాల గాలి అట్ల కాదు, దాని మీదనే ఆశపడ్డ అంటడు. ఆ మాట విన్నప్పుడు నా పాణం కలుక్కుమంది. ఉత్త రాక్షసుడైతే అట్ల మాట్లాడడు.

2023ల వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్'ల మాత్రం హైరూల్ రాజు రౌరు ముందట మోకరిల్లి, తర్వాత సోనియా రాణిని చంపి ఆమె మహిమరాయి గుంజుకుంటడు. తమ్ముడు వీడు కూడా పాతోడే అంటడు. నేను వేరే పుట్టుక అంటున్న, 'ఫోర్ సోర్డ్స్ అడ్వెంచర్స్'ల అట్లనే మళ్లీ పుట్టిండు గద.

రౌరు కాలం ఒకారినాకు ముందటిదా, తర్వాతదా? ఆటలనే ఏదన్న శాసనమో, సీనో ఆధారం ఉంటే ఎక్కడ దొరుకుతదో చెప్పండి, పోయి చూసుకుంటం.