ఒక్క ఓటుతో హెలెన్ సుజ్మన్ ఖైదీలకు ఏం చేయగలిగింది?

సందేహాల సంచి:
మండేలా లాంటి రాజకీయ ఖైదీలను ఉంచిన దీవి, రాబెన్ ఐలాండ్ జైలు గురించి ఎక్కడ చదివినా హెలెన్ సుజ్మన్ పేరు తగులుతోంది. 1961 నుంచి 1974 దాకా దక్షిణాఫ్రికా పార్లమెంటులో, వర్ణవివక్షను వ్యతిరేకించే ప్రోగ్రెసివ్ పార్టీకి మిగిలింది ఆమె ఒక్కతేనట. తెల్లవాళ్లు మాత్రమే కూర్చునే సభ. 1963లో విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే చట్టం వస్తే, ప్రధాన ప్రతిపక్షం కూడా ప్రభుత్వం వైపే ఓటేసింది. వద్దన్నది ఈమె ఒక్కతే. ప్రతిసారీ ఓడిపోయే మనిషి వల్ల జైల్లో ఉన్నవాళ్లకు నిజంగా ఒరిగిందేమిటి? పొగడ్తలు చాలా చదివాను, పని ఎలా జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

పాత దస్త్రం:
ఓట్ల లెక్క పక్కన పెట్టి ప్రశ్నోత్తరాల పేజీలు తిరగేయండి. పార్లమెంటు రికార్డులు సర్దడం నా ఉద్యోగం. ఆ సభ సంపుటాలు కూడా కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. ఉపన్యాసాల దగ్గర ఆవులింతలు వచ్చిన మాట నిజం, ప్రశ్నల దగ్గర మాత్రం నిద్ర పట్టదు. నల్లవాళ్లు ఎప్పుడూ అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలనే పాస్ చట్టాల కింద ఎంతమందిని పట్టుకున్నారు? విచారణ లేకుండా ఎంతమందిని లోపలేశారు? ఎంతమందిని ఉరితీశారు? ఏటా అవే అడిగేవారు. మంత్రికి ఒళ్లు మండినా అంకె చెప్పక తప్పదు. మీ ప్రశ్నల వల్ల దేశం పరువు పోతోందని ఒక మంత్రి కసురుకుంటే, పరువు తీసేవి నా ప్రశ్నలు కావు, మీ జవాబులు అన్నారావిడ.

ఆ అంకెలకు అంత విలువ ఎందుకంటే, 1959 జైళ్ల చట్టం పత్రికల నోరు కట్టేసింది. జైళ్ల గురించి తప్పుడు సమాచారం అచ్చువేయడం నేరం. వేసేముందు సరిచూసుకున్నామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పత్రికదే. జైలు గోడలవతల సంగతి ఎవరిని అడిగి సరిచూస్తారు? 1965లో రాండ్ డైలీ మెయిల్ పత్రిక ధైర్యం చేసి, మాజీ ఖైదీ హెరాల్డ్ స్ట్రాకన్ చెప్పినవి వేసింది. ఎడిటర్ లారెన్స్ గాండర్, విలేకరి బెంజమిన్ పోగ్రండ్ ఏళ్ల తరబడి కేసులో నలిగి, 1969లో దోషులయ్యారు. ఆ తర్వాత ఎవరు రాస్తారు? కానీ సభలో పలికిన మాటను అచ్చువేస్తే ఆ బెడద లేదు. బయటివాళ్లు రాయలేనిది ఆవిడ లోపల అడిగితే, పేపర్లు దర్జాగా వేసుకునేవి.

రెండోది, ఎంపీ హోదాలో జైల్లో అడుగుపెట్టగలగడం. 1967లో రాబెన్ ఐలాండ్ వెళ్లారు. ఒక్కో గది దగ్గర ఆగి, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: చాలా ఉన్నాయి, మా తరఫున మాట్లాడేది వరండా చివర గదిలో ఉన్న మండేలా. ఆయన జైలు పెద్దలు పక్కన నిలబడి ఉండగానే అన్నీ చెప్పారు. తిండి, బట్టలు, చదువుకునే వీలు, వార్తాపత్రికలు, వార్డర్ల జులుం. వాన్ రెన్స్‌బర్గ్ అనే వార్డర్ చేతి మీద నాజీల స్వస్తిక పచ్చబొట్టు ఉందని కూడా చెప్పారు. సున్నపురాయి క్వారీలో వీళ్ల చేత పని చేయించేది వాడే. సుజ్మన్ తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వచ్చిన యూదులు, ఆ మాట ఆవిడకు ఎక్కడ తగిలి ఉంటుందో వేరే చెప్పాలా! ఇది సభలో ఎత్తితే ప్రపంచమంతా హెడ్‌లైన్ అవుతుందని మంత్రితో అన్నట్టు ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. కొన్ని వారాల్లో ఆ వార్డర్‌ను దీవి నుంచి పంపించేశారు.

మొండిఘటం:
ఒప్పుకుంటాను గానీ, మొత్తం ఆమె ఖాతాలో వేయకండి. 1966లో నిరాహార దీక్ష చేసింది ఖైదీలే. రెడ్‌క్రాస్ వాళ్లు 1964 నుంచే వస్తున్నారు. ఆఫ్రికన్ ఖైదీకి పొట్టి నిక్కరు, బ్రెడ్ లేదు. అదే జైల్లో ఉన్న భారత సంతతి ఖైదీ కత్రాడాకు పొడుగు ప్యాంటు, బ్రెడ్ ఉంది. ఈ తేడా మీద రోజూ పేచీ పెట్టుకున్నదీ లోపలున్నవాళ్లే. పైగా ఆమె పార్టీ మొదట్లో చదువో ఆస్తో ఉన్నవాళ్లకే ఓటు అంది. తర్వాత దక్షిణాఫ్రికా మీద బయటి దేశాల ఆర్థిక ఆంక్షలనూ ఆమె వ్యతిరేకించింది. బోను తీయమనకుండా ఊచలకు రంగేయమన్నట్టు లేదూ?

పాత దస్త్రం:
ఆంక్షల విషయంలో మీతో నాకు గొడవ లేదు. నిరాహార దీక్ష సంగతీ నిజమే. ఖైదీలు ముందే కూడబలుక్కుని ఒకే గొంతుతో మాట్లాడారు కాబట్టే ఆవిడ రాక పనికొచ్చింది. కానీ రంగు వేయడమంటే మాత్రం ఒప్పుకోను. వార్డర్‌ను మార్చడం ఆ క్వారీలో పలుగు ఎత్తేవాడికి చిన్న సంగతి కాదు.

ఆవిడ వల్ల కానిది చెప్పమంటే సోబుక్వే పేరు చెబుతాను. పాస్ చట్టాల మీద ఉద్యమం నడిపిన నల్లజాతి నాయకుడు రాబర్ట్ సోబుక్వేకు 1960లో పడింది మూడేళ్ల శిక్ష. అది 1963లో ముగిసే సమయానికి, శిక్ష అయిపోయినా వదలకుండా ఉంచుకునే వీలు చట్టంలో చేర్చారు. దాన్ని ఏటా పార్లమెంటు పొడిగించాలి. ఏటా పొడిగించారు. అదే దీవిలో విడిగా ఒక ఇంట్లో, ఎవరితో మాట్లాడనివ్వకుండా 1969 దాకా ఉంచారు. సుజ్మన్ వెళ్లి ఆయన్ని కలిశారు, సభలో అభ్యంతరం చెప్పారు. వదిలాక కూడా సోబుక్వే కింబర్లీ పట్టణంలో ప్రభుత్వ ఆంక్షల మధ్య బతికి, 1978లో పోయారు.

సందేహాల సంచి:
థ్యాంక్సండీ. సోబుక్వే సంగతి నాకు బొత్తిగా తెలీదు. ఆ రికార్డులు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత దస్త్రం:
1963 సంపుటం. 90 రోజుల చట్టం, సోబుక్వేను ఆపిన నిబంధన ఒకే బిల్లులో వచ్చాయి. ఆ చర్చ అయ్యాక ఏ ఏడాదిదైనా ప్రశ్నల భాగం తీయండి, జవాబులు పొట్టిగా ఉన్నచోట కాస్త నెమ్మదిగా చదవండి.