పసిపాపకు ఎసెన్షియల్ ఆయిల్స్: చుక్కల లెక్క, డిఫ్యూజర్, స్నానం

ప్రశ్న
పాపకు ఐదు నెలలు. నెలలు నిండాకే పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. మూడు సందేహాలు. 10 మి.లీ. కొబ్బరి నూనెలో 2 చుక్కల లావెండర్ కలిపి ఒళ్లు రుద్దొచ్చా? జలుబుతో ముక్కు దిబ్బడేసినప్పుడు డిఫ్యూజర్‌లో (తైలాన్ని గదిలో గాలిలోకి వదిలే పరికరం) నీలగిరి తైలం వేయొచ్చా? స్నానం నీళ్లలో ఒక్క చుక్క టీ ట్రీ ఆయిల్ వేస్తే ఇబ్బందా? "నేచురలే కదా, ఏం కాదు" అని మాత్రం చెప్పకండి, లెక్కతో చెప్పండి.

కొలగిన్నె
మర్దన సంగతి నేను చెప్తాను. మి.లీ.కి సుమారు 20 చుక్కలనుకుంటే 2 చుక్కలంటే 0.1 మి.లీ. దాన్ని 10 మి.లీ.లో కలిపితే 1 శాతం అవుతుంది. మూడు నెలల లోపు అసలే వద్దు. ఆ తర్వాత రెండేళ్ల దాకా 0.25 శాతం దగ్గరే ఆగాలి. మీరనుకున్నది దానికి నాలుగింతలు. 20 మి.లీ. నూనెకు 1 చుక్క, అంతే.

చుక్కను కొలతగా నమ్మకండి. సీసా మూతికుండే ప్లాస్టిక్ బిరడాలోంచి పడే చుక్క ఒక సైజు, రబ్బరు డ్రాపర్ చుక్క ఇంకో సైజు. సూది లేని 1 మి.లీ. సిరంజితో 0.15 మి.లీ. తీసి 60 మి.లీ. నూనెలో కలిపితే లెక్క కచ్చితంగా కుదురుతుంది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడితే అక్కడితో ఆపేయాలి. ముఖానికి, ఛాతీకి, చేతులకు రాయొద్దు. ఈ వయసులో చేతులు ఎప్పుడూ నోట్లోనే కదా! ఆలివ్ నూనెలో ఓలిక్ ఆమ్లం ఎక్కువ, అది పసి చర్మపు పైపొరను దెబ్బతీస్తుంది. కొబ్బరి నూనో పొద్దుతిరుగుడు నూనో మేలు.

నా మట్టుకు నాకు, మర్దనలో పని చేసేది చేతులూ ఉత్త నూనే. లావెండర్ వల్ల అదనంగా వచ్చేది వాసనే.

ఊపిరిలెక్క
నీలగిరి తైలం వద్దు. డిఫ్యూజర్‌లోనూ, రుమాలు మీదా, దిండు మీదా, ఆవిరిలోనూ వద్దు. అందులోని సినియోల్, పుదీనా తైలంలోని మెంథాల్ పసిపిల్లల ముక్కుకు దగ్గరగా తగిలితే స్వరపేటిక బిగుసుకుపోవచ్చు, ఊపిరి కాసేపు ఆగిపోవచ్చు. పెద్దవాళ్లకు చల్లగా, హాయిగా అనిపించేదే వాళ్లకు ఇంత ప్రమాదం. నిజానికి మెంథాల్ దిబ్బడను తగ్గించదు, గాలి ఆడుతున్నట్టు అనిపింపజేస్తుందంతే. కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ల లోపు వాడకూడదు. కర్పూరం కొద్దిగా కడుపులోకి పోయినా ఫిట్స్ వస్తాయి. జీ6పీడీ లోపమున్న (పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం, కొన్ని పదార్థాలు తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి) పిల్లలకైతే కర్పూరం, మెంథాల్ రెండూ దూరంగా ఉంచాలి.

దిబ్బడకు పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు సెలైన్ చుక్కలు వేసి, నిమిషం ఆగి, చీమిడి లాగే రబ్బరు బల్బుతో మెల్లగా లాగేయండి. పాప ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

ప్రశ్న అడిగినవారు
నీలగిరి సంగతి అర్థమైంది. స్నానానికి టీ ట్రీని పాలలో కలిపి పోస్తే నీళ్లలో కలిసిపోతుందంటారు, నిజమేనా? సీసా తెరిచి రెండేళ్లయింది.

నూనెసీసా
కలవదండి. పాలలో వేసి గిలక్కొడితే కాసేపు కలిసినట్టు కనిపిస్తుంది, టబ్బులో పోశాక మళ్లీ పైకి తేలుతుంది. ఆ పలచని పొర పాప తొడల మడతల్లో, మర్మాంగాల దగ్గర అంటుకుంటుంది. అక్కడ అది 0.25 శాతం కాదు, దాదాపు నూటికి నూరు శాతం తైలమే. మంట, దద్దుర్లు వచ్చేది అందుకే. పాప నీళ్లు చిలకరించుకున్నప్పుడు కంట్లో పడితే ఇంకా ఇబ్బంది.

రెండేళ్ల సీసా అయితే పారేయండి. గాలి, వెలుతురు తగిలిన టీ ట్రీ ఆక్సీకరణ చెందుతుంది, అలర్జీ తెచ్చే పదార్థాలు అందులోనే పుడతాయి. లావెండర్‌కూ నిమ్మజాతి తైలాలకూ ఇదే గతి. కొత్తది కొంటే మూత మీద తేదీ రాసి, ముదురు రంగు సీసాలో, చల్లచోట పెట్టండి.

ఊపిరిలెక్క
అసలు భయపడాల్సింది మూత తీసిన సీసాకి. వింటర్‌గ్రీన్ తైలం 5 మి.లీ.లో ఉండే సాలిసిలేట్ (ఆస్పిరిన్ జాతి పదార్థం) ఇరవైకి పైగా పెద్దల ఆస్పిరిన్ మాత్రలతో సమానం. పాప ఏ తైలమైనా మింగితే వాంతి చేయించకండి. మింగినదానికంటే, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి జారడం ఎక్కువ ప్రమాదం. దగ్గు, మత్తు, ఆయాసం కనిపించేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. సీసాను వెంట తీసుకెళ్లండి, లేబుల్ చూస్తే వాళ్లకు పని తేలికవుతుంది. కంట్లో పడితే మామూలు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ తర్వాత చూపించండి. ఒంటి మీద ఒలికితే ముందు ఉత్త కొబ్బరి నూనెతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగండి. వట్టి నీళ్లకు అది వదలదు.